"రెస్పాన్సివ్‌గా ఉండాలి" అన్న ఒక్క వాక్యం మార్చండి: ప్రభుత్వ వెబ్‌సైట్లకు టెండర్లు రాసే అధికారులకు బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల్లో శాఖల వెబ్‌సైట్లకు టెండర్లు రాసేవారికి, పని చూసి బిల్లు పాస్ చేసేవారికి,

నమస్కారం. వెబ్‌సైటు టెండరు ఏది తీసుకున్నా పనుల వివరాల్లో "సైటు రెస్పాన్సివ్‌గా ఉండాలి, మొబైల్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ పనిచేయాలి" అన్న మాట తప్పకుండా ఉంటుంది. రెస్పాన్సివ్ అంటే తెర వెడల్పును బట్టి పేజీ తన అమరిక మార్చుకోవడం. దానికి కొలత మాత్రం ఉండదు. రోడ్డు టెండరులో "రోడ్డు బాగుండాలి" అని రాసి ఊరుకోరు కదా. తారు మందం ఎంతో మిల్లీమీటర్లలో రాస్తారు, పనయ్యాక కోర్ (రోడ్డులోంచి కోసిన ముక్క) తీసి కొలుస్తారు. వెబ్‌సైటుకు అలాంటి కోర్ పరీక్ష లేదు కాబట్టి డెమో రోజు కాంట్రాక్టరు తన ఫోన్‌లో హోమ్ పేజీ చూపించి, ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ కిటికీని ఒకసారి లాగి చూపించి సంతకం తీసుకుంటున్నాడు. ఆ డెమోలో ఉండేది చాలాసార్లు ఇంగ్లిష్ పేజీ. తెలుగు పేజీ తర్వాత ఎప్పుడో వస్తుంది, వచ్చాక విరుగుతుంది.

మేం అడుగుతున్నది ఒక్కటే. ఆ వాక్యం తీసేసి, తెలుగు పాఠంతో, నిర్దిష్టమైన వెడల్పుల్లో చేసే పరీక్షను అంగీకార షరతుగా పెట్టండి. అది ఎందుకు కావాలో, ఎలా రాయాలో కింద వివరిస్తున్నాం.

ముందు ఎవరికోసమో చూద్దాం. ఒకే దరఖాస్తు ఫారాన్ని ఇంటి దగ్గర ఒకరు ఫోన్‌లో నింపుతారు. అదే ఫారాన్ని మీసేవ కౌంటర్లోనో గ్రామ సచివాలయంలోనో ఇంకొకరు డెస్క్‌టాప్ మీద, మౌస్ పెద్దగా ముట్టకుండా, ట్యాబ్ మీట నొక్కుకుంటూ రోజంతా నింపుతారు. ఇద్దరిలో ఎవరినీ వదిలేయడానికి లేదు. "ఇప్పుడందరూ ఫోన్లే కదా" అని డెస్క్‌టాప్‌ను గాలికొదిలేసిన సైట్లు కూడా చూస్తున్నాం. 1920 పిక్సెళ్ళ తెర మీద నాలుగే నాలుగు పెద్ద పెద్ద కార్డులు, మెనూ అంతా మూడు గీతల వెనక. ఫోన్ లేఅవుట్‌ను సాగదీస్తే డెస్క్‌టాప్ లేఅవుట్ కాదు.

వెడల్పుల సంగతి. మన దగ్గర తిరిగే ఆండ్రాయిడ్ ఫోన్లలో తెర 720 పిక్సెళ్ళయినా 1080 పిక్సెళ్ళయినా బ్రౌజర్‌కు కనిపించే వెడల్పు చాలావాటిలో 360 సీఎస్‌ఎస్ పిక్సెళ్ళే. సీఎస్‌ఎస్ అంటే పేజీ రూపాన్ని రాసే భాష, దాని పిక్సెల్ ఒక కొలత, తెర మీది చుక్క కాదు. మొదటి తెరలో సాంద్రత (ఒక సీఎస్‌ఎస్ పిక్సెల్ వెడల్పుకు పట్టే తెర చుక్కలు) 2, రెండోదాంట్లో 3, అంతే తేడా. పెద్దవాళ్ళు సెట్టింగుల్లో "డిస్‌ప్లే సైజు" పెంచుకుంటే అది 320కి అటూ ఇటూ పడిపోతుంది. అందుకే 320 అనేది పాత ఫోన్ల లెక్క కాదు, చత్వారం వచ్చినవాళ్ళ లెక్క. ల్యాప్‌టాప్ వైపు కూడా ఇలాంటి మతలబే ఉంది. 1366 వెడల్పు తెరకు విండోస్‌లో 125 శాతం స్కేలింగ్ పెడితే బ్రౌజర్‌కు దక్కేది దాదాపు 1093. 1920 తెరకు 150 శాతం పెడితే 1280. "1200 పైన డెస్క్‌టాప్, దాని కింద ట్యాబ్లెట్" అని గీత గీసిన సైటు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ట్యాబ్లెట్ వేషంలో తెరుచుకోవడానికి కారణం ఇదే. బ్రేక్‌పాయింట్లను, అంటే అమరిక మారే వెడల్పులను, పరికరాల పేర్లు చూసి పెట్టకూడదు. పేజీని నెమ్మదిగా ఇరుకు చేసుకుంటూ రావాలి. విషయం ఎక్కడ ఇబ్బంది పడితే అక్కడ గీత గీయాలి.

పేజీ తలభాగంలో వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ (తెర వెడల్పుకు సరిపోమని బ్రౌజర్‌కు చెప్పే లైను) లేకపోతే ఫోన్ బ్రౌజర్ ఆ పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ళ వెడల్పుగా ఊహించుకుని కుదించి చూపిస్తుంది. 16 పిక్సెళ్ళ అక్షరం 360 తెర మీద దాదాపు 6 పిక్సెళ్ళయిపోతుంది. ఈ ట్యాగ్ ఇప్పుడు అందరూ పెడుతున్నారు. కానీ పెట్టిన చేత్తోనే దాని పక్కన "యూజర్ స్కేలబుల్ నో" అని కూడా రాస్తున్నారు. అంటే ఆండ్రాయిడ్ క్రోమ్‌లో రెండు వేళ్ళతో పెద్దది చేసుకునే వీలును పనిగట్టుకుని తీసేసినట్టే. ఐఫోన్ 2016 నుంచి ఈ ఆదేశాన్ని పట్టించుకోవడం మానేసింది. మన జనంలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఐఫోన్ కాదు.

ఇక తెలుగు. అసలు గొడవ ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువసేపు ఆగుతాం.

"రాష్ట్రం" అన్న మాట చూడండి. షకారం కింద ట వత్తు, దానితోపాటు ర వత్తు. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో కట్టిన బటన్‌లో ఎత్తు 40 పిక్సెళ్ళని బిగించి, లైన్ హైట్ (లైను ఎత్తు అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1.2 ఇచ్చి, పెట్టె దాటినది దాచేయమని రాస్తే ఆ వత్తుల అడుగు తెగిపోతుంది. "స్త్రీ శిశు సంక్షేమం" అన్నచోట పైన గుడి దీర్ఘం, కింద వత్తులు రెండూ నలుగుతాయి. మందు ఖరీదైనదేమీ కాదు. లైన్ హైట్‌ను పిక్సెల్ వంటి యూనిట్ తగిలించకుండా 1.6 నుంచి 1.8 మధ్య ఇవ్వాలి. పెట్టెలకు బిగించిన ఎత్తు ఇవ్వకూడదు. కనీస ఎత్తు 48 పిక్సెళ్ళని చెప్పి, పైనా కిందా ప్యాడింగ్ (పెట్టె లోపలి ఖాళీ) పెడితే పాఠం రెండు లైన్లయినా బటన్ తనే పెరుగుతుంది. "దరఖాస్తు సమర్పించండి" అన్న బటన్ 320 తెరలో రెండు లైన్లు కావచ్చు. అవనివ్వండి.

వార్తల కార్డుల్లో శీర్షికను రెండు లైన్లకు కత్తిరించే పద్ధతి ఉంది. అక్కడ రెండో లైను వత్తులు తెగుతున్నాయని చాలామంది అడుగున ప్యాడింగ్ వేస్తారు. అప్పుడు మూడో లైను తలకట్లు ఆ సందులోంచి తొంగిచూస్తాయి. అక్కడ సరిచేయాల్సింది లైన్ హైట్, ప్యాడింగ్ కాదు.

రెండోది పదాల పొడవు. తెలుగులో లైను సాధారణంగా ఖాళీ దగ్గరే విరుగుతుంది, మన పదాలేమో ప్రత్యయాలు తగిలించుకుని పెరుగుతూ పోతాయి. "చేసుకోలేకపోయినవారికి" అన్నది పదకొండు అక్షరాలు, మధ్యలో ఒక్క ఖాళీ లేదు. 32 పిక్సెళ్ళ బోల్డ్ శీర్షికలో అక్షరానికి సగటున 27 పిక్సెళ్ళు పడితే 297. 320 తెరలో రెండు పక్కలా 16 చొప్పున అంచు వదిలితే మిగిలేది 288. తొమ్మిది పిక్సెళ్ళు బయటికొచ్చాయి, పేజీ మొత్తం అడ్డంగా ఊగడం మొదలైంది. ఇంగ్లిష్ పాఠంతో పరీక్షించినవాడికి ఇది ఎన్నటికీ కనపడదు.

శీర్షిక సైజును తెరతోపాటు పెరిగేలా క్లాంప్‌తో, అంటే కనీసం, మధ్య, గరిష్ఠం అని మూడు విలువలిచ్చే సూత్రంతో, ఇవ్వడం మంచిది. కనీసం 1.375 రెమ్ (1 రెమ్ అంటే పేజీ మూల అక్షర సైజు, మామూలుగా 16 పిక్సెళ్ళు), మధ్యలో 1 రెమ్‌కు తెర వెడల్పులో 2 శాతం కలిపినది, గరిష్ఠం 2.25 రెమ్. అప్పుడు 360 తెరలో దాదాపు 23 పిక్సెళ్ళుంటుంది, 1000 దగ్గర 36కు చేరి ఆగుతుంది. మధ్య విలువలో ఆ "1 రెమ్" తప్పనిసరిగా ఉండాలి. ఉత్త తెర శాతం మాత్రమే ఇస్తే పాఠకుడు బ్రౌజర్‌లో జూమ్ చేసినా అక్షరం పెద్దది కాదు. ఇంత చేసినా పొడుగు పదం మిగిలిపోతే "ఓవర్‌ఫ్లో ర్యాప్: ఎనీవేర్" అన్న సూత్రం దాన్ని విరుస్తుంది. దాని బదులు "బ్రేక్ ఆల్" వాడితే, కింది లైనులో చోటున్న పదాలు కూడా ఎక్కడపడితే అక్కడ తెగుతాయి. కొన్ని బ్రౌజర్లలో హల్లు ఒక లైనులో, దానికి వత్తుగా రావాల్సిన హల్లు తర్వాతి లైనులో పడుతుంది. ఆటోమేటిక్ హైఫెన్లను నమ్ముకోవద్దు, తెలుగుకు అవి అన్ని బ్రౌజర్లలో ఒకేలా పనిచేయవు. శాఖల పేర్ల వంటి స్థిరమైన పొడుగు మాటల్లో, సంధి దగ్గర, కనిపించని విరామ గుర్తు ముందే పెట్టుకుంటే సరిపోతుంది.

ఫాంటు విషయంలో ముచ్చట తక్కువ, జాగ్రత్త ఎక్కువ. పాఠానికి ఒకటే ఫాంటు, రెండే మందాలు చాలు. నోటో సాన్స్ తెలుగు, మండలి, హింద్ గుంటూరు, అనేక్ తెలుగు వంటివి స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. ఫైలు బరువు తగ్గించడానికి ఫాంటును కత్తిరించేటప్పుడు అందులోని ఓపెన్‌టైప్ పట్టికలు (అక్షరాలు ఎలా కలవాలో చెప్పేవి) ఎగిరిపోతే వత్తులు కలవవు, ప్రతి పొల్లూ విడిగా నిలబడుతుంది. ఫాంటు ఆలస్యంగా వచ్చి, పాఠం ఎత్తు ఒక్కసారిగా మారి, నొక్కబోయిన బటన్ కిందికి జారిపోయే జబ్బు తెలుగులో మరీ ఎక్కువ. ఒక తెలుగు ఫాంటుకూ మరోదానికీ కొలతల్లో అంత తేడా ఉంటుంది. ప్రత్యామ్నాయ ఫాంటుకు "సైజ్ అడ్జస్ట్" ఇచ్చి రెండింటినీ దగ్గరికి తేవాలి. గూగుల్ కొలతల్లో ఈ కదలిక స్కోరు 0.1 లోపుంటేనే మంచిదంటారు. ఇటాలిక్ వద్దు. తెలుగుకు ఇటాలిక్ లేదు, బ్రౌజర్ అక్షరాన్ని పక్కకు తోసేసి అదే ఇటాలిక్ అంటుంది. పేజీకి భాష తెలుగని ప్రకటించడం మరిచిపోవద్దు. అది లేకపోతే చూపులేనివారి స్క్రీన్ రీడర్ తెలుగు పాఠాన్ని ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతుంది.

ఇప్పుడు అడ్డంగా ఊగే పేజీ సంగతి. ఇది దాదాపు ప్రతి సైటులోనూ ఉంది. దీన్ని దాచడానికి ఎక్కువమంది చేసే పని, పేజీ మొత్తానికి "అడ్డం దాటినది దాచు" అని రాసేయడం. దాంతో ఊగడం ఆగుతుంది, కుడివైపు పాఠం కనపడకుండా పోతుంది, పైన అంటిపెట్టుకుని ఉండాల్సిన మెనూ పట్టుతప్పుతుంది. అసలు కారణం చాలాసార్లు ఇంత చిన్నది: పేజీని గళ్ళుగా అమర్చే గ్రిడ్‌లో "1 ఎఫ్‌ఆర్" (మిగిలిన చోటులో ఒక వాటా) అని రాసిన నిలువు వరుస లోపలి పొడుగు పదం కంటే చిన్నది కావడానికి ఒప్పుకోదు. దాన్ని "కనిష్ఠం 0, గరిష్ఠం 1 ఎఫ్‌ఆర్" అని రాయాలి. పెట్టెలను వరుసగా పేర్చే ఫ్లెక్స్‌లో అయితే లోపలి పెట్టెకు కనీస వెడల్పు 0 ఇవ్వాలి. కార్డుల గ్రిడ్‌కు కనీస వెడల్పు 20 రెమ్ అంటే 320 పిక్సెళ్ళు, అంచులతో కలిపి 320 తెరలో పట్టదు. "100 శాతం, 18 రెమ్‌లలో ఏది చిన్నదైతే అది" అని రాస్తే మీడియా క్వెరీ (తెర వెడల్పును బట్టి రాసే షరతు) ఒక్కటీ లేకుండానే ఫోన్‌లో ఒక నిలువు వరుస, ల్యాప్‌టాప్‌లో మూడు నాలుగు వాటంతటవే వస్తాయి. గ్రిడ్ 2017 మార్చి నుంచి ప్రధాన బ్రౌజర్లలో ఉంది, పెట్టె వెడల్పును బట్టి మారే కంటెయినర్ క్వెరీలు 2023 ఫిబ్రవరికల్లా అన్నిటికీ వచ్చేశాయి. "పాత బ్రౌజర్లలో పనిచేయదండీ" అన్న సాకు ఇక చెల్లదు. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌నే 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సాగనంపింది. "1024×768లో చక్కగా కనిపిస్తుంది" అని అడుగున రాసుకునే ఆచారం ఇంకా కొన్నిచోట్ల మిగిలుంటే, దాన్నీ సాగనంపండి.

పేజీ నెత్తిన బ్యానర్ గురించి, కొంచెం ధైర్యం చేసి చెబుతున్నాం. శాఖ పేరు, చిహ్నం, నాయకుల ఫొటోలు అన్నీ కలిపి 1200 పిక్సెళ్ళ ఒకే బొమ్మగా చేయిస్తున్నారు. ఫోన్‌లో అది 360కి కుదిస్తే అందులో 30 పిక్సెళ్ళున్న శాఖ పేరు 9 పిక్సెళ్ళవుతుంది. చదవలేం, వెతకలేం, స్క్రీన్ రీడర్‌కు వినపడదు. పేరు పాఠంగా ఉండాలి, ఫొటోలు విడి బొమ్మలుగా ఉండాలి, ఇరుకు తెరలో ఫొటోలు కిందికి దిగాలి. ఈ చివరి ముక్క కాంట్రాక్టరు తనంతట తాను చేయడు. మీరు రాతపూర్వకంగా చెప్పాలి, ఎందుకో మీకు తెలుసు.

పట్టికలు, పీడీఎఫ్‌లు. మండలాల వారీ లెక్కల పట్టికకు పన్నెండు నిలువు వరుసలుంటాయి, దాన్ని ఫోన్‌లో ఇరికించడం అసాధ్యం, ఇరికించక్కర్లేదు కూడా. పట్టికను ఒక పెట్టెలో పెట్టి ఆ పెట్టె మాత్రమే అడ్డంగా జరిగేలా చేయాలి. మండలం పేరున్న మొదటి వరుస ఎడమ అంచుకు అంటుకుని ఉండాలి, తెరలో 40 శాతం మించకూడదు, లేకపోతే అంకెలకు చోటు మిగలదు. కీబోర్డుతో వాడేవారు కూడా జరపగలిగేలా ఆ పెట్టెకు ట్యాబ్ మీటతో ఫోకస్ అందాలి. పట్టికను ముక్కలు చేసి కార్డులుగా పేర్చే పద్ధతి చూడ్డానికి బాగుంటుంది. రెండు మండలాలను పోల్చి చూసుకోవాలనుకున్నవాడికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

పీడీఎఫ్ లెక్క ఇది. ఏ4 కాగితం వెడల్పు 595 పాయింట్లు. 360 తెరలో పేజీ మొత్తం పట్టేలా చూపిస్తే 12 పాయింట్ల అక్షరం 7 పిక్సెళ్ళకు కాస్త పైన ఉంటుంది. అది స్కాన్ చేసిన జీవో అయితే వెతకడానికీ లేదు, కాపీ చేసుకోవడానికీ లేదు. డీటీపీలో వాడే అను ఫాంట్లలో టైపు చేసిన పాఠాన్ని యూనికోడ్‌లోకి (అన్ని పరికరాలూ గుర్తించే అక్షర సంకేతాల్లోకి) మార్చకుండా పేజీలో అతికిస్తే వచ్చేది గుర్తుల గుంపు. ఉత్తర్వు సారాంశం యూనికోడ్ తెలుగులో పేజీ మీదే ఉండాలి, పీడీఎఫ్ దాని కింద లంకెగా ఉండాలి.

ఫారాల దగ్గర ఫోన్ బాధలు వేరు, కౌంటర్ బాధలు వేరు. పెట్టెలోని అక్షరం 16 పిక్సెళ్ళ కంటే చిన్నదైతే ఐఫోన్ ఆ పెట్టెను తాకగానే పేజీని జూమ్ చేసి పక్కకు తోసేస్తుంది. ఆధార్ 12 అంకెల పెట్టెను "నంబర్" రకంగా పెట్టకూడదు. డెస్క్‌టాప్‌లో కొన్ని బ్రౌజర్లలో మౌస్ చక్రం తగిలి అంకె మారిపోతుంది, సున్నాతో మొదలయ్యే నంబర్లలో సున్నా ఎగిరిపోతుంది. అది పాఠపు పెట్టెగానే ఉండి, "ఇన్‌పుట్ మోడ్" మాత్రం అంకెలది కావాలి. అప్పుడు ఫోన్‌లో అంకెల కీబోర్డు వస్తుంది, డెస్క్‌టాప్‌లో ఏ చిక్కూ రాదు. నాలుగేసి అంకెల మధ్య ఖాళీ కొట్టినా ఒప్పుకోవాలి. ఓటీపీ కోసం మెసేజీల్లోకి వెళ్ళి తిరిగొచ్చేసరికి నింపినదంతా మాయం కాకూడదు.

పేర్ల పెట్టెల్లో ఇంకో గుంట ఉంది. "రాష్ట్రం" చూడ్డానికి రెండు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో ఎనిమిది సంకేతాలు, యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో దాచితే 24 బైట్లు. ఇంగ్లిష్ పేరు కొలతతో "గరిష్ఠం 20" అని బిగించిన పెట్టెలో తెలుగు ఇంటిపేరు, పేరు కలిపి పట్టవు, ఒక్కోసారి వత్తు మధ్యలో తెగి ఆగుతాయి.

కౌంటర్ దగ్గర ట్యాబ్ వరుస ప్రాణం. డెస్క్‌టాప్‌లో రెండు వరుసల ఫారం అందంగా రావాలని సీఎస్‌ఎస్‌లో పెట్టెల క్రమం మార్చేస్తారు. కంటికి క్రమం మారుతుంది, ట్యాబ్‌కు మారదు. తండ్రి పేరు తర్వాత పిన్‌కోడ్‌కు దూకి, మళ్ళీ వెనక్కి ఇంటి నంబరుకు వస్తుంది. పేజీ నిర్మాణం రాసే హెచ్‌టీఎమ్‌ఎల్‌లోనే క్రమం సరిగా ఉండాలి. మౌస్ పైన పెడితేనే తెరుచుకునే మెనూలు కూడా వద్దు, వేలితో పైన పెట్టడమన్నది లేదు. తెర అడుగున అంటించిన "సమర్పించండి" బటన్ ఫోన్ బ్రౌజర్ పట్టీ వెనక్కి పోవడానికి కారణం ఎత్తును "100 వీహెచ్" (పట్టీని లెక్కచేయని పూర్తి తెర ఎత్తు) అని రాయడం. 2022 చివరికల్లా ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చిన "డీవీహెచ్" వాడితే పట్టీ వచ్చినా పోయినా కొలత దానితోపాటు మారుతుంది.

ఇక షరతు. మీకు కొత్తగా ప్రమాణం కనిపెట్టే పనిలేదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ వారి డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణం (వైకల్యాలున్నవారికీ వెబ్ అందేలా చూసేది) 2018 నుంచే 320 సీఎస్‌ఎస్ పిక్సెళ్ళ వెడల్పులో రెండు వైపులా స్క్రోల్ చేయాల్సిన అవసరం లేకుండా పేజీ చదవగలగాలని చెబుతోంది. డేటా పట్టికల వంటివాటికి మినహాయింపు ఉంది. 1280 తెరలో 400 శాతం జూమ్ చేస్తే వచ్చేదీ అదే 320 కాబట్టి ఆఫీసు కంప్యూటర్లోనే తేల్చుకోవచ్చు. 2023లో వచ్చిన 2.2 తాకే లక్ష్యాలు కనీసం 24×24 ఉండాలంటుంది. మేమైతే ప్రధాన బటన్లకు, పైన చెప్పినట్టు, 48 అడగమంటాం. కేంద్రం 2023లో తెచ్చిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో కూర్పును మీ టెండర్లు ఎలాగూ ప్రస్తావిస్తాయి. అది సరిపోదు, కొలతలు మీ కాగితం మీద ఉండాలి.

ఇలా రాయవచ్చు: "అంగీకార పరీక్ష శాఖ ఇచ్చిన అసలు తెలుగు పాఠంతో జరుగుతుంది. హోమ్ పేజీ, అత్యంత పొడవైన ఫారం, అత్యంత వెడల్పైన పట్టిక, ఒక ఉత్తర్వు పేజీ, వెతుకులాట ఫలితాల పేజీ, ఈ ఐదింటినీ 320, 360, 412, 768, 1093, 1366, 1920 పిక్సెళ్ళ వెడల్పుల్లో చూస్తారు. పట్టిక పెట్టె తప్ప మరేదీ అడ్డంగా జరగరాదు. ఏ వత్తూ, ఏ గుణింతమూ తెగరాదు. 200 శాతం అక్షర పరిమాణంలో ఏ పాఠమూ మరోదానిపై పడరాదు. ఫారం మొత్తం కీబోర్డుతోనే పూర్తికావాలి."

ఆ పరీక్షను బ్రౌజర్‌లోని ఫోన్ నమూనాలో మాత్రమే చేయనివ్వకండి. విండోస్ కంప్యూటర్‌లో ఆ నమూనా చూపించేది ఫోన్ వెడల్పునే, ఫోన్ ఫాంటును కాదు. సైటుకు సొంత ఫాంటు లేకపోతే విండోస్ నిర్మల యూఐ అన్న తన ఫాంటుతో చూపిస్తుంది, ఆండ్రాయిడ్ ఎక్కువగా నోటోతో చూపిస్తుంది. ఒకదాంట్లో నిలిచిన వత్తు ఇంకోదాంట్లో తెగుతుంది. కాబట్టి బల్ల మీద రెండు నిజమైన ఫోన్లుండాలి. ఒకటి మామూలు చౌక ఆండ్రాయిడ్, సెట్టింగుల్లో ఫాంటు సైజు, డిస్‌ప్లే సైజు రెండూ చివరిదాకా పెంచినది. రెండోది ఏదైనా ఐఫోన్. పక్కన 125 శాతం స్కేలింగ్‌తో ఒక ఆఫీసు ల్యాప్‌టాప్. దాని ముందు కూర్చోవాల్సింది కాంట్రాక్టరు మనిషి కాదు, రోజూ ఫారాలు నింపే కౌంటర్ ఆపరేటరు. ఐదు పేజీలకు ఒక పూట పడుతుంది.

చివరి విడత బిల్లును ఈ పరీక్షకు ముడిపెట్టండి. సైటు ఎక్కాక తెలుగు పాఠం మారినప్పుడల్లా, అంటే కొత్త పథకం పేరో కొత్త శాఖ పేరో వచ్చినప్పుడల్లా, నిర్వహణ కాలంలో ఇదే పరీక్ష మళ్ళీ జరగాలని కూడా రాయండి. పథకాల పేర్లు ఏటికేడూ పొడుగవుతున్నాయి, మెనూ పెట్టెలు మాత్రం అంతే ఉంటున్నాయి.

ఇట్లు,
తెలుగులో వెబ్‌సైట్లు కట్టే, పరీక్షించే కొందరం